ఇచ్చట లిట్టి చొక్కా దొరుకును

పైడిభీమవరంలో విశాఖపట్నం వైపు సర్వీసు రోడ్డు పక్కన, లారీలు ఆగే ఖాళీ స్థలం చివర, నీలం రేకు మీద తెల్ల రంగుతో రాసిన బోర్డు ఒకటి ఉంది. పై వరసలో హిందీలో ‘లిట్టీ చోఖా’ అని సరిగ్గానే ఉంటుంది. అది బిహారీల తిండి. లిట్టీ అంటే వేయించిన సెనగల పిండి కూరి నిప్పుల మీద కాల్చిన గోధుమ ఉండ, చోఖా అంటే దానిలోకి కాల్చిన వంకాయ మెదిపి చేసే పచ్చడి లాంటిది. కింది వరసలో తెలుగులో ‘ఇచ్చట లిట్టి చొక్కా దొరుకును’ అని ఉంటుంది. రాసినవాడు మన తెలుగువాడే. చోఖా అనే మాట అతను ఎన్నడూ విని ఉండడు, చొక్కా రోజూ తొడుక్కుంటాడు. తెలిసిన మాట రాసి డబ్బు తీసుకుని వెళ్లిపోయాడు. మొదట్లో ఒకరిద్దరు వచ్చి నిజంగానే రెడీమేడ్ చొక్కాల ధర అడిగారట. దిద్దించమని నేను చెబితే కొట్టతను వద్దన్నాడు. బోర్డు ఫొటో తీసుకోవడానికి ఆగినవాళ్లలో సగం మంది కూర్చుని తిని వెళ్తున్నారని అతని లెక్క.

నేను ఉండేది రణస్థలంలో. ముప్పై ఒక్క ఏళ్లు జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో హిందీ పండిట్‌గా పనిచేసి మూడేళ్ల కిందట పదవీ విరమణ చేశాను. మా అల్లుడు పైడిభీమవరంలో మందుల కర్మాగారంలో కెమిస్టు. కూతురిని చూడటానికి వెళ్లినప్పుడల్లా ఆ నీలం రేకు కంటపడేది. కర్మాగారాల్లో పనికి వచ్చిన బిహార్, జార్ఖండ్, ఒడిశా కుర్రాళ్లు సాయంత్రం షిఫ్టు దిగి అక్కడ చేరేవారు. ఇన్నేళ్లు హిందీ చెప్పినవాణ్నే గానీ, హిందీవాళ్లతో హిందీ మాట్లాడే అవకాశం నాకు పట్టుమని పదిసార్లు రాలేదు. ఆ ముచ్చట తీర్చుకుందామని వెళ్లాను. తిండి మీద ఆశతో మాత్రం కాదు.

మొదటి రోజే నా పాండిత్యానికి దెబ్బ తగిలింది. అతను పళ్లెం నా ముందు పెట్టి, ‘లిట్టీ అచ్ఛా బనా హై’ అన్నాడు, లిట్టీ బాగా కుదిరింది అని. నోరు ఊరుకోదు కదా, ‘అచ్ఛీ బనీ హై’ అని దిద్దాను. లిట్టీ స్త్రీలింగం మరి. అతను నా వంక ఒక క్షణం చూసి, ‘మాట్సాబ్, మా ఇంటి మాటలో లిట్టీ ఆడదీ కాదు, మగదీ కాదు. లిట్టీ, అంతే’ అని నవ్వాడు. మాట్సాబ్ అంటే వాళ్ల వైపు మాస్టరు గారు. నేను హిందీ మేష్టారినని అప్పటికి చెప్పనే లేదు. దిద్దిన తీరులోనే దొరికిపోయాను.

ఆ రాత్రి నాకు పాత జవాబు పత్రాలు గుర్తొచ్చాయి. ‘మేరీ కితాబ్’ అనాల్సిన చోట ‘మేరా కితాబ్’ అని రాసిన ప్రతి పిల్లవాడికీ అర మార్కు కోసేవాణ్ని. రొట్టె ఎందుకు ఆడది, అన్నం ఎందుకు మగది అని అడిగిన పిల్లలకు ‘హిందీలో అది అంతే, బట్టీ పట్టండి’ అని చెప్పేవాణ్ని. మన పిల్లలకు మాతృభాష అడ్డం వచ్చి ఈ తప్పు చేస్తారని శిక్షణ తరగతుల్లో చెప్పారు. ఈ కొట్టతనిలా గయలో పుట్టినవాడు కూడా అదే తప్పు చేస్తాడని, అతనికీ మాతృభాషే అడ్డం వస్తుందని ఎవరూ చెప్పలేదు.

అతని మాతృభాష మగహీ. ఊరు గయ జిల్లాలో వజీర్‌గంజ్ వైపు పల్లె. గంగకు దక్షిణాన పాట్నా నుంచి మొదలుపెట్టి నలందా, నవాదా, గయ, జహానాబాద్, అర్వల్, ఔరంగాబాద్ జిల్లాల్లోనూ, జార్ఖండ్‌లో కొంత మేరకూ మాట్లాడే భాష అది. పాత మగధ రాజ్యం పేరే ఆ భాషకు మిగిలింది. 2011 జనాభా లెక్కల్లో దాన్ని తమ భాషగా చెప్పుకున్నవాళ్లు సుమారు కోటీ 27 లక్షల మంది. ఆ కోటీ 27 లక్షలూ చివరికి హిందీ పద్దులోనే కలిసిపోతాయి. గంగకు అవతల ఉన్న మైథిలికి 2003 నాటి రాజ్యాంగ సవరణతో ఎనిమిదో షెడ్యూలులో, అంటే రాజ్యాంగం గుర్తించిన భాషల జాబితాలో, చోటు దొరికింది. మగహీకి దొరకలేదు. ఇదంతా అతనికి పట్టినట్టు లేదు. ‘ఫారాల్లో హిందీ అని రాస్తాం, ఇంట్లో మగహీ మాట్లాడతాం’ అన్నాడు, రేషను కార్డులో వయసు గురించి చెప్పినంత తేలిగ్గా. పట్టింది నాకే. గిడుగు రామమూర్తి పంతులు గారు పుట్టిన జిల్లా మాది. జనం మాట్లాడే భాషకు చదువులో గౌరవం ఉండాలని ఆయన జీవితమంతా పోరాడారు. ఏటా ఆగస్టు 29న బడిలో ఆయన పటానికి దండ వేసి, తిరిగి తరగతికి వచ్చి అర మార్కులు కోసినవాణ్ని నేను.

సరే, తిండి దగ్గరికి వద్దాం.

అక్కడ రెండు రకాల పళ్లేలు ఉన్నాయి. ఆ సంగతి బోర్డు మీద ఉండదు, అతను చెప్పడు. తెలుగువాళ్లు కూర్చోగానే వచ్చే పళ్లెంలో లిట్టీ లోపలి మసాలా చప్పగా ఉంటుంది, చోఖాలో వేరుసెనగ నూనె ఉంటుంది, పక్కన పల్లీల చట్నీ, లిట్టీ మీద డాల్డా. నేను నెల రోజుల పాటు అదే తిన్నాను. సెనగపిండి కూరిన గట్టి బోండా కోసం ఇంత దూరం ఎందుకు వస్తారా వీళ్లు అని లోలోపల అనుకునేవాణ్ని. ఒక ఆదివారం పక్క బల్ల మీద కుర్రాడి పళ్లెం నుంచి వచ్చిన వాసన వేరుగా ఉంది. నాది చూసుకున్నాను, వాడిది చూశాను. అడిగితే కొట్టతను కొంచెం ఇబ్బంది పడ్డాడు. ‘మీవాళ్లకు ఆవనూనె ఘాటు పడదు మాట్సాబ్. మొదట్లో అందరికీ ఒకటే పెట్టాను. నలుగురు సగం తిని లేచి వెళ్లారు. అప్పటి నుంచి వేరు చేశాను’ అన్నాడు.

కాబట్టి నా మొదటి సలహా ఇదే. కూర్చోగానే ‘మీవాళ్లకు పెట్టేదే పెట్టు’ అనండి. తెలుగులో అన్నా అర్థం చేసుకుంటాడు, ఆరేళ్లుగా ఇక్కడే ఉన్నాడు.

రెండో సలహా, ఆదివారం వెళ్లండి. మిగతా రోజుల్లో బొగ్గుల మీద కాలుస్తాడు, ఆదివారం మాత్రం పిడకల మీద. పిడకను వాళ్లు గోయ్ఠా అంటారు. చుట్టుపక్కల పల్లెల నుంచి ఆడవాళ్లు గంపల్లో తెచ్చి ఇస్తారు. భోగి దండ గుచ్చడానికి తప్ప పిడక ముట్టని మా మనవరాలు, పిడకల మీద వండింది తింటారా తాతయ్యా అని ముక్కు మూసుకుంది. రథసప్తమికి మీ అమ్మమ్మ పరమాన్నం దేని మీద వండుతుందనుకున్నావు అని అడిగాను. అప్పటికి నోరు మూసింది, ముక్కు మీది చెయ్యి మాత్రం తియ్యలేదు.

సాయంత్రం నాలుగు గంటలకు పిడకలు పేర్చి అంటిస్తాడు. అరగంట సేపు ఒకటే పొగ, అటువైపు కూర్చోవద్దు. పొగ తగ్గి పిడకలు ఎర్రటి నిప్పులయ్యే సరికి ఇటు పిండి సిద్ధంగా ఉంటుంది. గోధుమపిండి ముద్దను అరచేతిలో గిన్నెలా ఒత్తి, లోపల సత్తు మసాలా కూరి, మూతి ముడిచి నిమ్మకాయ కంటే కొంచెం పెద్ద ఉండ చేస్తాడు. సత్తు అంటే సెనగలను వేడి ఇసుకలో వేయించి విసిరిన పిండి. అందులో సన్నగా తరిగిన ఉల్లిపాయ, వెల్లుల్లి, పచ్చిమిర్చి, అల్లం, వాము, ఉల్లి విత్తనాల్లా కనిపించే నల్లటి మంగ్‌రైలా, నిమ్మరసం, పచ్చి ఆవనూనె, అన్నిటికీ మించి ఊరిన మామిడికాయ పచ్చడి గుజ్జు పడతాయి. ఆ పచ్చడి గుజ్జే తెలుగువాళ్ల పళ్లెంలో ఉండదు. ఉండలను నేరుగా నిప్పుల మీద పరిచి, ఒట్టి చేతివేళ్లతో తిప్పుతూ ఉంటాడు. పైన నల్లటి మచ్చలు పడి, పెంకు పగిలినట్టు చిన్న చీలిక రాగానే తీసి పాత గుడ్డలో వేసి, మూట పట్టుకుని టపటపా ఎగరేస్తాడు. బూడిద అంతా గుడ్డకు అంటుకుని ఉండలు శుభ్రంగా బయటికి వస్తాయి. అప్పుడు ఒక్కొక్కదాన్నీ పిడికిట్లో నొక్కి పగలగొట్టి నేతి గిన్నెలో ముంచి తీస్తాడు. ఆ నొక్కడంలోనే ఉంది నేర్పు. రెండు ముక్కలు కాకూడదు, నోరు మాత్రం తెరవాలి.

నేయి సంగతి గట్టిగా చెప్పాలి. అడగకపోతే డాల్డానే. నేయి కావాలంటే పళ్లానికి పదిహేను రూపాయలు అదనం. రెండు లిట్టీలు, చోఖా కలిపి యాభై. నేతితో అరవై అయిదు. ఆ పదిహేను దగ్గర పీనాసితనం చూపినవాడు అక్కడిదాకా వెళ్లడమే దండగ.

సత్తు కూడా ఊరి నుంచే వస్తుంది. సెలవుకు వెళ్లి వచ్చే కుర్రాళ్లు తలా ఒక సంచీ మోసుకొస్తారు. ఒకసారి సరుకు అయిపోయి, మన కిరాణా కొట్లో పుట్నాలు కొని పిండి పట్టించాడు. పుట్నాలు కూడా వేయించిన సెనగలే కదా అని నేనే సలహా ఇచ్చాను. ఆ రోజు తిన్న కుర్రాళ్లెవరూ ఏమీ అనలేదు, రెండోది మాత్రం ఎవరూ అడగలేదు. ఇసుకలో వేగి కొంచెం పొట్టుతో విసిరిన సెనగ వాసన పుట్నాలకు లేదు. వేసవిలో ఆ సత్తునే నీళ్లలో కలిపి, ఉప్పు, నిమ్మరసం, పచ్చి ఉల్లిపాయ ముక్కలు వేసి గ్లాసు పాతిక రూపాయలకు ఇస్తాడు. మన చోడి అంబలి తాగి పెరిగినవాళ్లకు కొత్తగా ఏమీ ఉండదు, మధ్యాహ్నం దాకా కడుపులో నిలబడుతుంది. ఏప్రిల్‌లో మేష సంక్రాంతి నాడు వాళ్లకు సతువానీ పండగ. సత్తు, పచ్చి మామిడికాయ ఆ రోజు తప్పకుండా తింటారు. ఆ రోజు వచ్చినవాళ్లందరికీ గ్లాసు ఉచితం.

చోఖా దగ్గర మా ఇంటి గొడవ ఒకటి చెప్పాలి.

2014లో నాన్నగారి పిండప్రదానానికి మా ఆవిడతో కలిసి గయ వెళ్లాను. విష్ణుపాదం, ఫల్గుణీ నది ఇసుక, అక్షయవటం, అన్నీ పద్ధతిగా జరిగాయి. నేను నా ప్రవీణ స్థాయి హిందీని మూట విప్పే లోపలే అక్కడి పండా, అంటే తీర్థ పురోహితుడు, స్వచ్ఛమైన తెలుగులో సంకల్పం చెప్పించి, ఎంత ఇవ్వాలో కూడా తెలుగులోనే చెప్పాడు. అందుకే గయలో మూడు రోజులు ఉండి కూడా మగహీ అనే భాష ఒకటి ఉందని తెలుసుకోకుండా తిరిగి వచ్చాను. అక్షయవటం కింద ఒక కాయ, ఒక పండు వదిలిపెట్టమన్నారు. నేను కాకరకాయ వదిలాను. చిన్నప్పటి నుంచీ అది నాకు పడదు, పెద్ద త్యాగమేమీ కాదు. మా ఆవిడ అలాంటి లౌక్యం తెలియని మనిషి. ఇష్టమైనదే వదలాలట అని వంకాయ వదిలింది. అప్పటి నుంచి మా ఇంట్లో గుత్తివంకాయ లేదు. ఆవిడ తినదు, నా ఒక్కడికి వండదు. పితృదేవతల సంగతి ఏమో గానీ శిక్ష నాకు పడింది.

చోఖా అంటే నిప్పుల్లో కాల్చిన వంకాయ, బంగాళాదుంప, టమాటా తొక్క తీసి, చేత్తో మెదిపి, పచ్చి ఆవనూనె, వెల్లుల్లి, పచ్చిమిర్చి, ఉప్పు కలిపినది. మన కాల్చిన వంకాయ పచ్చడికి అక్క వరస. పదేళ్ల తరువాత నాకు కాల్చిన వంకాయ దొరికింది, అదీ గయవాడి చేతి మీదుగా. అందుకే ఆ కొట్టు గురించి నేను చెప్పే మంచిలో కొంత స్వార్థం ఉంది, తగ్గించి చదువుకోండి.

మా ఆవిడను మొదటిసారి తీసుకెళ్లినప్పుడు పళ్లెం చూసి, ‘ఏమండీ, ఇందులో వంకాయ ఉంది, నేను తినకూడదు’ అంది. కొట్టతను ఎందుకని అడిగాడు. చెప్పాను. అతను పనులన్నీ ఆపి, లోపల రొట్టెల పిండి కలుపుతున్న భార్యను పిలిచి మరీ చెప్పాడు. వాళ్లిద్దరూ నవ్విన నవ్వు నాకు మొదట కొంచెం చిరాకు తెప్పించింది. ‘మాట్సాబ్, దేశంలో అందరూ వచ్చి మా ఊళ్లో కూరగాయలు వదిలిపెట్టి వెళ్తారు. అందుకే మా ఊళ్లో వంకాయకు కరువు లేదు’ అన్నాడు. ఆ అమ్మాయి మాత్రం నవ్వు ఆపుకుని, మా ఆవిడ కోసం వేరే గిన్నెలో బంగాళాదుంప, టమాటాతో చోఖా మెదిపి తెచ్చింది. ఆవిడను చాచీ అని పిలిచింది. చాచీ అంటే పిన్ని.

ఇక వదిలేయదగ్గవి. పళ్లేల పట్టికలో చంపారన్ మటన్ అని ఒకటి రాసి ఉంది. చంపారన్ గంగకు అవతల, నేపాల్ సరిహద్దు దగ్గర, అక్కడి మాట భోజ్‌పురి. మఖానా పాయసం అని ఇంకొకటి. మఖానా మైథిలి మాట్లాడే మిథిల సరుకు. ఇవి మీవి కాదు కదా అని అడిగితే, ‘ఫోనులో వీడియోలు చూసి వచ్చి అడుగుతారు, లేదంటే బేరం పోతుంది’ అన్నాడు. నిజాయతీగానే చెప్పాడు, మా అల్లుడు తిని ఆ మటన్‌ను మెచ్చుకున్నాడు కూడా. అయినా వాటి కోసమే అయితే ఈ కొట్టుకు వెళ్లనక్కర లేదు. అదే శనివారం మధ్యాహ్నం వెళ్తే పట్టికలో లేని ఖిచిడీ దొరుకుతుంది. శనివారం ఖిచిడీ వాళ్లకు ఇంటింటి అలవాటు. పెరుగు, అప్పడం, నేయి, ఊరగాయ దానికి నలుగురు నేస్తాలని వాళ్లలో ఒక సామెత. కుర్రాళ్ల కోసమే వండుతాడు, రెండు దాటితే గిన్నె ఖాళీ.

జనవరిలో మాత్రం మనసు గట్టి చేసుకుని వెళ్లాలి. గయ నుంచి తిల్‌కుట్ వస్తుంది. బెల్లంతోనో పంచదారతోనో పాకం పట్టి, మన జాతరల్లో జీళ్లపాకాన్ని మేకుకు తగిలించి లాగినట్టు లాగి, వేయించిన నువ్వులు కలిపి రోకలితో దంచి బిళ్లలు చేస్తారు. చూడటానికి గట్టిగా ఉంటుంది, నోట్లో పొరలు పొరలుగా విరిగిపోతుంది. మన నువ్వుల ఉండ మీద నాకు గౌరవం ఉంది గానీ, పళ్ల మీద అంతకంటే ఎక్కువ గౌరవం ఉంది. అనర్సా అని ఇంకొకటి తెస్తారు. బియ్యప్పిండి, నువ్వులు, నేతిలో వేపుడు. మా ఆవిడ ఒకటి కొరికి, ‘ఇది మన నువ్వుల అరిసె, పాకం కాస్త ముదిరింది’ అని తీర్పు ఇచ్చేసింది. నలందా జిల్లా సిలావ్ నుంచి ఖాజా కూడా ఒకసారి వచ్చింది. దానికి 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చిందట. కాకినాడ కాజాను కొరికితే పాకం గడ్డం మీద కారాలి. ఇది పొడిగా, తేలిగ్గా, పొరలు పొరలుగా ఊడి వస్తుంది. నాకు కాకినాడే ఇష్టం, వాదించదలచుకోలేదు.

గోడ మీద ఒక ఫొటో ఉంటుంది. పక్కకు తిరిగిన ముసలాయన, చేతిలో సుత్తి. లారీ డ్రైవర్లు మీ తాతా అని అడుగుతుంటారు. ఆయన దశరథ్ మాంఝీ. గయ జిల్లా గెహ్లౌర్‌లో ఊరికి అడ్డంగా ఉన్న కొండను 1960 నుంచి 1982 వరకు, ఇరవై రెండేళ్లు, ఉలీ సుత్తీ పట్టుకుని ఒక్కడే తొలిచి దారి వేశాడు. భార్యకు కొండ అడ్డమై సమయానికి వైద్యం అందలేదన్న బాధతో మొదలుపెట్టిన పని అది. అత్రి నుంచి వజీర్‌గంజ్‌కు 55 కిలోమీటర్ల చుట్టుదారి 15 కిలోమీటర్లకు తగ్గింది. చిన్నప్పుడు తాను ఆ దారిలోనే సంతకు వెళ్లేవాణ్నని కొట్టతను చెబుతాడు. ఈ సంగతి అతను చెప్పేటప్పుడు లిట్టీ మాడినా పట్టించుకోడు, ఒకసారి నిజంగానే మాడింది, కొత్తది వేసి ఇచ్చాడు.

నాలుగు నెలలు గడిచాక నాతో హిందీ వద్దు, మగహీలోనే మాట్లాడమని అడిగాను. ఆ భాషలో ఒక తమాషా ఉంది. చూశాను అనే మాటను పని కుర్రాడితో ‘దేఖ్‌లియౌ’ అంటాడు, నాతో ‘దేఖ్‌లియో’ అంటాడు. చూసింది తనే, చూసిన వస్తువూ అదే. వింటున్నది ఎవరన్నదాన్ని బట్టి క్రియ తోక మారుతుంది. పుస్తకాల హిందీలో ఇది లేదు. ‘చూశానురా’, ‘చూశానండి’ అనే మనకు మాత్రం వెంటనే అర్థమవుతుంది. పిల్లవాడిని బుతరూ అంటారు. లిట్టీ ఏదో ఒకటి కాకుండా, ఇదిగో ఈ లిట్టీ అని చెప్పడానికి లిట్టియా అంటారు. నా దగ్గర ఇప్పుడు అలాంటి మాటలు రాసుకున్న నోటుపుస్తకం ఒకటి ఉంది. ఆరు పేజీలు నిండాయి, నేతి మరకలతో సహా.

కార్తీకంలో నాలుగు రోజులు కొట్టు మూసి ఉంటుంది, తెలియక వెళ్లి తిరిగి రాకండి. ఛఠ్ పండగ. ఇంటికి వెళ్లే రైళ్లలో చోటు దొరక్క, కిందటేడు ఇక్కడే చేసుకున్నారు. మొదటి రోజు స్నానం చేసి అన్నం, సెనగపప్పు, సొరకాయ. రెండో రోజు పగలంతా ఉపవాసం, సాయంత్రం బెల్లం పాయసం, రొట్టె. ఆ తరువాత ముప్పై ఆరు గంటలు కొట్టతని భార్య మంచినీళ్లు కూడా ముట్టలేదు. మూడో రోజు సాయంత్రం అస్తమించే సూర్యుడికి, నాలుగో రోజు తెల్లవారుజామున ఉదయించే సూర్యుడికి నీళ్లలో నిలబడి అర్ఘ్యం. రణస్థలం సంతలో మేదరుల దగ్గర వెదురు చేటలు మా ఆవిడే బేరమాడి కొనిపెట్టింది. చేటలో అరటిపళ్లు, చెరుకు, కొబ్బరికాయ, గోధుమపిండీ బెల్లం నేతితో చేసిన ఠేకువా. చెరువు గట్టు మీద ఇరవై మంది దాకా కుర్రాళ్లు, చెప్పులు దూరంగా వదిలి, ఒక్క మాట లేకుండా నిలబడ్డారు. మన ఊరివాళ్లు కొందరు వచ్చి చూశారు. ఒక ముసలావిడ, మునిగే పొద్దుకు కూడా దండం పెడతారా అని ఆశ్చర్యపోయి, తను కూడా పెట్టేసింది.

ఆ సాయంత్రమే కొట్టతను చెప్పాడు, వాళ్ల పక్క జిల్లా ఔరంగాబాద్‌లో దేవ్ అనే ఊళ్లో పెద్ద సూర్య దేవాలయం ఉందని, ఛఠ్‌కు జనం వేల మంది అక్కడికి చేరతారని, గుడి వాకిలి పడమటికి ఉంటుందని. మాకూ ఉంది అన్నాను. ఎక్కడ అన్నాడు. ఆరేళ్లుగా శ్రీకాకుళం జిల్లాలో ఉంటూ అరసవల్లి పేరు వినలేదు. తప్పు అతనిది కాదు, షిఫ్టులకూ పొయ్యికీ మధ్య ఎవరు చెబుతారు? తరువాతి ఆదివారం నేనూ మా ఆవిడా వాళ్లను బస్సులో తీసుకెళ్లాం. మార్చిలోనూ అక్టోబరులోనూ కొన్ని రోజులు ఉదయపు కిరణాలు గర్భగుడిలో స్వామి పాదాలను తాకుతాయని చెబితే, ఆ అమ్మాయి ద్వారం దగ్గర నిలబడి వెనక్కి తిరిగి సూర్యుణ్ని, ముందుకు తిరిగి విగ్రహాన్ని మూడు నాలుగుసార్లు చూసి దూరం లెక్క వేసుకుంది. తిరుగు బస్సులో అతను, అశోకుడు పాటలీపుత్రం నుంచి వచ్చి యుద్ధం చేసింది ఈ నేల మీదేనా అని అడిగాడు. కళింగంలో ఇదీ భాగమే అన్నాను. కాసేపు ఆగి, ఆ బాకీకి ఈ పూట టికెట్లు నావి అన్నాడు. మా కళింగ రాజు ఖారవేలుడు తరువాత మగధ మీదికి వెళ్లి లెక్క సరిచేశాడని చెబుదామనుకున్నాను, టికెట్లు తీసుకోనిచ్చి ఊరుకున్నాను.

ఫిర్యాదులు లేవా అంటే ఉన్నాయి. చేతులు కడుక్కునే డ్రమ్ము దగ్గర సబ్బు నాలుగు రోజులకోసారి కనిపిస్తుంది. లారీ కదిలిన ప్రతిసారీ దుమ్ము వచ్చి పళ్లెంలో పడుతుంది. ఎన్నిసార్లు చెప్పినా అటువైపు పరదా కట్టడు. ఆదివారం ఆరు దాటితే అరగంట నిలబడాలి. పార్సిల్ అడగవద్దు. ఇస్తాడు, కానీ ఇంటికి వెళ్లే సరికి లిట్టీ కొడవలి నూరే రాయిలా తయారవుతుంది. ఒకసారి తెచ్చి కూతురి ముందు నవ్వులపాలయ్యాను.

మీరు కూడా గయలో వంకాయ వదిలినవాళ్లయితే ముందుగా చెప్పండి, విడిగా కలుపుతారు. మొన్న ఆదివారం మేము ఆలస్యంగా వెళ్లాం. చోఖా అయిపోయిందని కుర్రాళ్లకు చెబుతున్నాడు. పొయ్యి పక్కన ఒక స్టీలు గిన్నె మూతపెట్టి ఉంది. మూత మీద సుద్దముక్కతో హిందీలో ‘చాచీ కా’ అని రాసి ఉంది. చాచీది అని. చోఖా పుంలింగమే కాబట్టి ‘కా’ సరైనదే. రెండుసార్లు చదివాను, దిద్దడానికి ఏమీ దొరకలేదు.